ఇంటి వెనక సెల్ టవర్ వస్తోందని సిటీ నుంచి కార్డు వచ్చిందా? అమెరికాలో జోనింగ్ హియరింగ్‌కి ఇలా సిద్ధమవ్వండి

మా సబ్‌డివిజన్‌లో, అంటే మా ఇళ్ల కాలనీలో, సగం మంది మనవాళ్లే. ఓ రోజు అందరి మెయిల్‌బాక్సుల్లోనూ ఒకే రకం తెల్ల కార్డు పడింది. పిజ్జా కూపన్ల మధ్యలో ఉండేసరికి నేను చూడకుండానే చెత్తలో వేయబోయాను. సాయంత్రానికి వాట్సాప్ గ్రూప్ అంటుకుంది. వెనకున్న స్టోరేజ్ యూనిట్ల స్థలంలో 150 అడుగుల టవరట, పిల్లలకు క్యాన్సర్లు వస్తాయట, ఇల్లు ఇప్పుడే అమ్మేస్తే మంచిదట. ఎవరో ఎప్పటిదో పాత వీడియో కూడా పెట్టారు, చచ్చిపోయిన పిచ్చుకలతో సహా. ఆ తర్వాత రెండు నెలలు ఆఫీసు పని అయ్యాక నాకు రెండో ఉద్యోగం ఈ టవరే అయింది.

జోనింగ్ అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే ఊరి నియమాలు, హియరింగ్ అంటే దాని మీద జనం మాట వినే సభ. అప్పుడు నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. నేను లాయర్‌ని కాదు. మాది జార్జియా, అట్లాంటాకి ఉత్తరం వైపు. ఫెడరల్ చట్టం దేశమంతా ఒకటే కానీ లోకల్ రూల్స్ ఊరూరికీ మారిపోతాయి, కాబట్టి మీ సిటీ కోడ్ మీరే తెరిచి చదవాలి, ఇది చదివి ఊరుకుంటే పని జరగదు.

ముందు రేడియేషన్ మాట పక్కన పెట్టండి

ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే మనవాళ్లు హియరింగ్‌లో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. 1996లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం టవర్ ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తు ఉండాలి అనే అధికారాన్ని సిటీలకీ కౌంటీలకీ వదిలేసింది, కానీ చుట్టూ కంచె వేసింది. ఒక కంపెనీకి ఇచ్చి అలాంటి సేవే ఇచ్చే ఇంకో కంపెనీకి అకారణంగా కాదనకూడదు. మొత్తంగా సేవే అందకుండా చేసే రూల్స్ పెట్టకూడదు. దరఖాస్తును నానబెట్టకుండా తగిన సమయంలో తేల్చాలి. కాదంటే రాతపూర్వకంగా చెప్పాలి, దానికి రికార్డులో గట్టి ఆధారం ఉండాలి. ఐదోది మనకు ముఖ్యం: టవర్ ఎఫ్‌సీసీ (ఫోన్, రేడియో సేవలను నియంత్రించే ఫెడరల్ సంస్థ) పెట్టిన రేడియో తరంగాల పరిమితులకు లోబడి ఉంటే, ఆ తరంగాల పర్యావరణ ప్రభావం కారణంగా సిటీ దాన్ని కాదనకూడదు. ఆరోగ్యం కూడా అందులోకే వస్తుందని కోర్టులు చెబుతూ వచ్చాయి.

అంటే మీరు మైక్ ముందు క్యాన్సర్ గురించి మాట్లాడకూడదని కాదు, మాట్లాడొచ్చు, ఎవరూ మీ నోరు నొక్కరు. కానీ మీ మాట ఆధారంగా కౌన్సిల్ ఏమీ చేయలేదు. పైగా ఇరవై మంది వచ్చి రేడియేషన్ అని, ఆ తర్వాత కౌన్సిల్ "అందంగా లేదు" అని తిరస్కరిస్తే, కంపెనీ లాయర్ కోర్టులో ఏమంటాడో ఊహించండి: "అందం పేరు చెప్పారు గానీ అసలు కారణం రేడియేషన్ భయమే, కావాలంటే మినిట్స్ (సభలో ఎవరేమన్నారో రాసిన రికార్డు) చూడండి." మీ భయం అవతలివాళ్లకు ఆయుధం అవుతుంది. మా కేసులో కంపెనీ తరఫు లాయర్, ఎవరైనా ఆరోగ్యం అన్నప్పుడల్లా తలెత్తకుండా నోట్ చేసుకుంటూ కూర్చున్నారు.

2021లో వాషింగ్టన్ డీసీ అప్పీల్ కోర్టు, 1996 నాటి పరిమితులను ఎందుకు మార్చడం లేదో ఎఫ్‌సీసీ సరిగ్గా వివరించలేదని చెప్పి విషయాన్ని వెనక్కి పంపింది. నిజమే. కానీ ఆ పరిమితులను కొట్టేయలేదు, అవే నడుస్తున్నాయి. ఇండియాలో 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతిస్తున్నారు, అదీ నిజమే, మా మామగారు హియరింగ్‌లో అదే చెబుతానని పట్టుబట్టారు. అమెరికాలో ఒక ప్లానింగ్ కమిషన్‌కి అది పనికొచ్చే మాట కాదని ఒప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. మీరు అడగాల్సింది ఒక్కటే: ఎఫ్‌సీసీ పరిమితులకు లోబడి ఉందని ఇంజినీరు సంతకం చేసిన రిపోర్టు ఫైల్లో ఉందా? లేకపోతే పెట్టమనండి. ఉంటే దాని జోలికి మళ్లీ వెళ్లకండి.

1. కార్డులో ఏముందో అక్షరం అక్షరం చదవండి

కేసు నంబరు, పార్సెల్ (స్థలం) నంబరు, దరఖాస్తుదారు ఎవరు, ఏ అనుమతి అడుగుతున్నారు, హియరింగ్ ఎప్పుడు, ఏ బోర్డు ముందు. దరఖాస్తుదారు పేరు చూసి తికమకపడకండి, సాధారణంగా అది మీ ఫోన్ కంపెనీ పేరు ఉండదు. టవర్లు కట్టి అద్దెకిచ్చే కంపెనీ వేరే ఉంటుంది, ఫోన్ కంపెనీ దానిలో కిరాయిదారు. ఇది ముందే తెలిస్తే ఓ మంచి ప్రశ్న పుడుతుంది: అసలు కిరాయిదారు కుదిరాడా, లేక ఖాళీగా కట్టి తర్వాత వెతుక్కుంటారా? చాలా ఊళ్ల కోడ్‌లో ఊహ మీద కట్టే టవర్లకు అనుమతి ఉండదు.

ఏ అనుమతి అన్నది ఇంకా ముఖ్యం. ఆ జోన్‌లో టవర్‌కి అసలే అనుమతి ఉంటే ఆఫీసులో స్టాంపు వేసి ఇచ్చేస్తారు, హియరింగే ఉండదు. స్పెషల్ యూజ్ పర్మిట్ లేదా కండిషనల్ యూజ్ పర్మిట్ అంటే, టవర్ కుదురుతుంది కానీ షరతులు పాటించాలి. వేరియెన్స్ అంటే రూల్‌ని సడలించమని అడుగుతున్నారు, నిరూపించే భారం వాళ్లమీద గట్టిగా ఉంటుంది. న్యూజెర్సీలో, ఎడిసన్ వైపు ఉండేవాళ్లకి, ఆ జోన్‌లో అనుమతి లేని వాడకానికి యూజ్ వేరియెన్స్ కావాలంటే ఏడుగురు సభ్యుల బోర్డులో ఐదుగురు ఔననాలి. మామూలు మెజారిటీ చాలదు.

కార్డు రాలేదంటే టవర్ రావడం లేదని అనుకోకండి. టెక్సస్‌లో జోనింగ్ మార్పు హియరింగ్‌కీ, న్యూజెర్సీలో చాలా హియరింగ్‌లకీ 200 అడుగుల లోపు ఉన్న యజమానులకే నోటీసు వెళ్తుంది, పది రోజుల ముందు. 250 అడుగుల దూరంలో ఉంటే మీకు తెలిసేది పక్కింటివాళ్లు చెబితేనే. ఇంకో సంగతి, అది పన్ను రికార్డులో ఉన్న చిరునామాకి వెళ్తుంది. ఇల్లు అద్దెకిచ్చి వేరే ఊళ్లో ఉండే మనవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు.

2. అది ఏ రకం దరఖాస్తు? గడియారం దాన్ని బట్టే

టవర్ అనే ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు సంగతులున్నాయి, ప్రతిదానికీ ఎఫ్‌సీసీ పెట్టిన గడువు వేరు. కొత్త టవర్ అయితే 150 రోజులు. ఉన్న టవర్ మీదో బిల్డింగ్ మీదో కొత్త యాంటెన్నా పెట్టడానికి 90. వీధి స్తంభాల మీద పెట్టే చిన్న స్మాల్ సెల్స్‌కి ఉన్న స్తంభమైతే 60, కొత్తగా స్తంభం పాతాలంటే 90. ఉన్న టవర్‌లో పెద్ద మార్పు లేకుండా పరికరాలు మార్చడానికి 60 రోజులు, ఆ లోపు సిటీ ఏమీ చెప్పకపోతే అనుమతి వచ్చేసినట్టే లెక్క. ఈ గడువులు పెట్టే హక్కు ఎఫ్‌సీసీకి లేదని టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ సిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013లో ఓడిపోయింది.

దీనివల్ల ఏం తెలుసుకోవాలి? వాయిదా పడితే గెలిచినట్టు కాదు. మా గ్రూప్‌లో అందరూ "వాయిదా అడుగుదాం" అన్నారు, మన కోర్టుల అలవాటు. ఇక్కడ గడియారం దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంది, దరఖాస్తు అసంపూర్తిగా ఉందని సిటీ 30 రోజుల్లోపు రాసి చెబితేనో, కంపెనీ ఒప్పుకుంటేనో తప్ప ఆగదు. గడువు దాటితే కంపెనీ కోర్టుకి వెళ్లొచ్చు. అందుకే ప్లానింగ్ స్టాఫ్‌కి ఫోన్ చేసి అడగండి: "ఈ కేసు గడువు ఏ తారీకున ముగుస్తుంది?" వాళ్లు చెబుతారు. ఆ తారీకు తెలిస్తే, వాయిదా అడగాలా వద్దా అన్నది కూడా తెలుస్తుంది.

స్మాల్ సెల్ అయితే మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2018 ఎఫ్‌సీసీ ఆర్డర్ తర్వాత వీధి స్థలంలో పెట్టేవాటి మీద ఊళ్ల పట్టు బాగా తగ్గింది. ఏడాదికి ఒక్కోదానికి 270 డాలర్ల దాకా ఫీజు సబబే అని ఆ ఆర్డర్ చెప్పింది. మీరు అడగగలిగేది రంగు, పెట్టె సైజు, మీ కిటికీకి ఎదురుగా కాకుండా రెండిళ్ల మధ్య హద్దు దగ్గర స్తంభం అనే మాట. అది మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

3. సిటీ కోడ్ తెరవండి, పెన్ను పట్టుకుని

చాలా సిటీల కోడ్ ఆన్‌లైన్‌లో ఉంటుంది. వెతికే పెట్టెలో టెలికమ్యూనికేషన్, టవర్, యాంటెన్నా అనే మాటలు కొట్టండి. ఒక చాప్టర్ మొత్తం దీనికే ఉంటుంది, పది పదిహేను పేజీలు. అందులో నేను గుర్తు పెట్టుకున్నవి ఇవి: ఆ జోన్‌లో ఎంత ఎత్తు దాకా అనుమతి, ఇళ్ల నుంచి ఎంత దూరం ఉండాలి, ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి ఎంత దూరం, ముందు ఎక్కడ వెతకాలన్న వరుస (ఉన్న టవర్ మీద, తర్వాత వాటర్ ట్యాంకు లాంటి ప్రభుత్వ కట్టడాల మీద, తర్వాత పరిశ్రమల జోన్, ఆఖరున ఇళ్ల మధ్య), చుట్టూ చెట్లు ఎన్ని వరుసలు, జనరేటర్ శబ్దం, వాడకం ఆగిపోతే తీసేయడానికి పూచీకత్తు.

ఎత్తు గురించి ఓ మాట. ఎక్కడ చూసినా 199 అడుగుల టవర్లు ఎందుకున్నాయో నాకు అప్పుడే అర్థమైంది. 200 అడుగులు దాటితే విమానయాన శాఖకి చెప్పాలి, రిజిస్టర్ చేయాలి, సాధారణంగా నారింజ, తెలుపు రంగులు వేయాలి లేదా లైట్లు పెట్టాలి. ఒక్క అడుగు తగ్గిస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. విమానాశ్రయం దగ్గరైతే అంతకన్నా తక్కువ ఎత్తుకీ చెప్పాలనుకోండి.

దూరం దగ్గర జాగ్రత్తగా చూడండి, మా కేసంతా అక్కడే తిరిగింది. మా కోడ్ ప్రకారం టవర్ ఎత్తు ఎంతో, ఇళ్ల జోన్ ప్రాపర్టీ లైన్ నుంచి అంత దూరం ఉండాలి. కంపెనీ డ్రాయింగులో "సమీప ఇంటికి 212 అడుగులు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఇంటికి! ప్రాపర్టీ లైన్‌కి కాదు. కౌంటీ మ్యాప్ వెబ్‌సైట్‌లో కొలత పరికరం ఉంటుంది, దాంతో నేను కొలిస్తే మా పెరటి కంచె దాకా 131 అడుగులే వచ్చింది. టవర్ 150. నిజానికి వాళ్లు ఇది దాచలేదు, లోపల ఇంకో పేజీలో సెట్‌బ్యాక్ (హద్దు నుంచి ఉండాల్సిన ఈ కనీస దూరం) సడలింపు అడిగారు, టవర్ విరిగితే మధ్యలో మడతపడి 75 అడుగుల లోపే పడుతుందని స్ట్రక్చరల్ ఇంజినీరు ఉత్తరం కూడా జతచేశారు. కానీ మా గ్రూప్‌లో ఎవరూ ఆ పేజీ దాకా వెళ్లలేదు. అందరూ పిచ్చుకల దగ్గరే ఆగిపోయారు.

4. ఫైల్ మొత్తం తెప్పించుకోండి

దరఖాస్తు ప్రజల రికార్డే. ప్లానింగ్ ఆఫీసుకి ఈమెయిల్ చేసి కేసు నంబరు రాసి, మొత్తం ఫైల్ పంపమనండి. కొన్ని చోట్ల ఓపెన్ రికార్డ్స్ ఫారం నింపమంటారు. మాకు 94 పేజీల పీడీఎఫ్ వచ్చింది.

అందులో కవరేజ్ మ్యాపులుంటాయి, టవర్ లేకముందు, వచ్చాక. ముందు మ్యాప్‌లో మన వీధులన్నీ ఎర్రగా, తర్వాత మ్యాప్‌లో పచ్చగా. అవి కంప్యూటర్ లెక్కలు. కారులో తిరిగి కొలిచిన డేటా ఉందా అని అడగండి. రంగుల కింద ఏ సిగ్నల్ స్థాయి ఎంచుకున్నారో చూడండి, ఎందుకంటే ఆ గీత కాస్త పైకి జరిపితే ఎర్రది పెరుగుతుంది. ఇంకా వేరే ఏ ఏ స్థలాలు చూశారో, ఎందుకు వద్దనుకున్నారో రాసిన పేజీ ఉండాలి. మా ఊళ్లో అరమైలు దూరంలో సిటీ వాటర్ ట్యాంకు ఉంది, దాని గురించి ఫైల్లో ఒకే ఒక్క వాక్యం, "ఎత్తు సరిపోదు". ఏ ఎత్తుకి ఎంత కవరేజ్ అన్న లెక్క లేదు. అది నా రెండో ప్రశ్న అయింది.

చాలా కోడ్‌లలో ఒక మంచి వాక్యం దాక్కుని ఉంటుంది: కావాలంటే సిటీ తన సొంత రేడియో ఇంజినీరుని పెట్టుకుని దరఖాస్తు పరిశీలించొచ్చు, ఖర్చు దరఖాస్తుదారుది. మీ కోడ్‌లో అది ఉంటే ముందే ఉత్తరం రాసి అడగండి, హియరింగ్ రోజు అడిగితే గడువు దాటిపోతుందంటారు.

5. బెలూన్ వేయించండి

టవర్ ఎలా కనిపిస్తుందో చూపించడానికి కంపెనీలు ఫొటోల్లో టవర్‌ని అతికించి ఇస్తాయి. ఎక్కడి నుంచి తీశారో చూడండి, మా ఫైల్లో ఫొటోలన్నీ మెయిన్ రోడ్డు నుంచే ఉన్నాయి, మా వైపు నుంచి ఒక్కటీ లేదు. అందుకే బెలూన్ టెస్ట్ అడగాలి. టవర్ వచ్చే చోటు నుంచి అంతే ఎత్తుకి ఒక రంగు బెలూన్ వదులుతారు, కొన్ని గంటలు ఉంచుతారు.

మాకు శనివారం ఉదయం పెట్టారు. ఏడున్నరకి నేను కాఫీ పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడితే పైన్ చెట్ల వెనక నుంచి ఎర్ర బెలూన్ మెల్లగా లేచింది. చెట్ల కొసలు దాటింది. ఇంకా లేచింది. చెట్ల కొసల పైన, చెట్టు ఎత్తులో సగమంత పైకి వెళ్లి ఆగింది. అప్పటిదాకా "కనపడదులే" అంటున్న మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసి ఫొటో కొట్టింది. ఎనిమిదిన్నరకి గాలి లేచి బెలూన్ పక్కకి వాలిపోయింది, వాలిన బెలూన్ అసలు ఎత్తు కన్నా కిందకి కనబడుతుంది, అందుకే పొద్దున్నే తీయాలి. పధ్నాలుగు ఇళ్ల నుంచి ఫొటోలు తీయించాం, ప్రతిదాని కింద చిరునామా, టైమ్, ఎటు చూస్తూ తీశామో రాశాం, జూమ్ చేయకుండా. జూమ్ చేసిన ఫొటో చూస్తే బోర్డుకి నమ్మకం పోతుంది.

6. రికార్డులోకి ఎక్కేలా రాయండి

టవర్ తేలేది గదిలో వినిపించిన గొంతుల వల్ల కాదు, ఫైల్లో ఉన్న కాగితాల వల్ల. తర్వాత ఎవరైనా కోర్టుకి వెళ్తే జడ్జి చూసేది ఆ ఫైలే. కాబట్టి ఒకే ఫారం మీద 60 సంతకాల పిటిషన్ కన్నా, ఆరుగురు ఆరు వేర్వేరు ఉత్తరాలు రాస్తే విలువ ఎక్కువ. "ఇది మా ఊరి అందం చెడగొడుతుంది" అన్న సాధారణమైన గోడుని చాలా కోర్టులు గట్టి ఆధారంగా తీసుకోవు. "మా డెక్ మీద నుంచి చెట్ల పైన ఇంత కనిపించింది, ఇదిగో ఫొటో, కోడ్‌లోని ఫలానా సెక్షన్ చుట్టూ ఉన్న పరిసరాలకు నప్పాలంటోంది" అంటే తీసుకుంటాయి.

ఇంటి ధర పడిపోతుందని చెప్పాలనుకుంటే లోకల్ అప్రైజర్‌తో (ఇళ్ల విలువ కట్టే నిపుణుడితో) రాయించండి. వెబ్‌సైట్‌లో ధర తగ్గిన స్క్రీన్‌షాట్ పనికిరాదు. మేం అప్రైజర్‌కి డబ్బు పోగు చేద్దామంటే ఒక్కో ఇంటికి నలభై డాలర్లు పడింది, అది ఇవ్వడానికి కొందరు పెట్టిన మొహాలు నాకింకా గుర్తున్నాయి, వాళ్లే గ్రూప్‌లో ఇల్లు అమ్మేస్తామన్నవాళ్లు.

హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఈ విషయంలో మీకు పెద్దగా చేయగలిగేది లేదు, టవర్ స్థలం దాని పరిధిలో ఉండదు కాబట్టి. లాయర్ ఖర్చు పెట్టుకోగలదు, అంతే. మీ ఇంటి మీద డిష్ విషయంలో మాత్రం అదే హెచ్‌ఓఏ పులి అవుతుంది. అక్కడ మీ వైపు ఒక ఫెడరల్ రూల్ ఉంది: మీటరు లేదా అంతకన్నా చిన్న డిష్‌ని, మామూలు టీవీ యాంటెన్నాని, మీరు ఒక్కరే వాడుకునే చోట పెట్టుకుంటే హెచ్‌ఓఏ అడ్డుపడకూడదు, సిగ్నల్ చెడేలా, ఆలస్యం అయ్యేలా, ఖర్చు పెరిగేలా షరతులు పెట్టకూడదు. భద్రత, చారిత్రక కట్టడాల కారణాలు వేరు. అద్దె ఇంటివాళ్లకి బాల్కనీ దాకా వర్తిస్తుంది, అందరిదీ అయిన పైకప్పుకి కాదు. ఒకప్పుడు తెలుగు చానళ్ల డిష్‌ల కోసం గొడవపడేవాళ్లం, ఇప్పుడు శాటిలైట్ ఇంటర్నెట్ డిష్‌కీ అదే రూలు. హామ్ రేడియోవాళ్లకి (సరదా కోసం సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లకి) మాత్రం ఈ రక్షణ లేదు. 1985 నాటి ఎఫ్‌సీసీ ఆర్డర్ సిటీలను సర్దుకుపొమ్మంది గానీ హెచ్‌ఓఏలను కాదు.

7. మూడు నిమిషాల్లో చెప్పడం

మా హాల్లో మైక్ ముందు మూడు లైట్లున్నాయి, పచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపు పడితే మైక్ కట్. కొన్ని చోట్ల ఇన్ని నిమిషాలని మనిషికి కాకుండా మొత్తం పక్షానికి ఇస్తారు, జార్జియాలో చాలా చోట్ల ఇరువైపులా కనీసం పది నిమిషాలే. అప్పుడు ఎవరు ఏం మాట్లాడాలో పంచుకోకపోతే మొదటి ఇద్దరే అంతా తినేస్తారు.

మేం ఇలా పంచుకున్నాం. నేను దూరం, కంచె కొలత, కోడ్ సెక్షన్ నంబరు. ఎదురింటి ఆయన, నెట్‌వర్క్ ఇంజినీరు, వాటర్ ట్యాంకు. ఓ టీచరమ్మ బెలూన్ ఫొటోలు. మామగారు ఆఖరున లేచి, తనకి ఇచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేసి, "రోజూ సాయంత్రం వెనక డెక్ మీద కూర్చుంటాను, ఇప్పుడు నాకు చెట్లు కనబడతాయి" అని రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నారు. రేడియేషన్ ఊసే ఎత్తలేదు. ఎత్తుతారేమోనని నేను మాత్రం టెన్షన్‌తో సగం చచ్చాను.

మీ ప్రసంగం ఆఖరి వాక్యం కోరికగా ఉండాలి. "దయచేసి తిరస్కరించండి, కారణం సెట్‌బ్యాక్ సడలింపుకి కోడ్ అడిగే అర్హతలు నిరూపించలేదు. ఒకవేళ అనుమతిస్తే ఈ ఐదు షరతులు పెట్టండి." రెండో సగం చెప్పడానికి చాలామందికి మనసు రాదు, ఓడిపోయినట్టుంటుందని. చెప్పండి. షరతులు అడగకపోతే రావు.

వ్యతిరేకించేవాళ్లే మాట్లాడతారని కూడా అనుకోకండి. మా హియరింగ్‌లో ఓ అమ్మాయి లేచి, బేస్‌మెంట్‌లో అద్దెకుంటానని, 911కి ఫోన్ కలవక మెట్లెక్కి బయటికి పరిగెత్తానని చెప్పింది. గదంతా నిశ్శబ్దం. ఆమెది కూడా న్యాయమే.

8. తీర్పు వచ్చాక కాగితం చూడండి

కాదంటే గెలిచామని మిఠాయిలు పంచేయకండి. మాకు దగ్గర్లోనే ఉన్న రోజ్‌వెల్‌లో జరిగింది వినండి. 2010లో అక్కడ 2.8 ఎకరాల ఖాళీ స్థలంలో, ఇళ్ల జోన్‌లో, పైన్ చెట్టులా కనిపించే 108 అడుగుల టవర్‌కి టీ-మొబైల్ దరఖాస్తు పెట్టింది. స్టాఫ్ షరతులతో ఇవ్వొచ్చన్నారు. ఏప్రిల్ 12న రెండు గంటల హియరింగ్, జనం ఎదిరించారు, కౌన్సిల్ ఏకగ్రీవంగా కాదంది. రెండు రోజులకి ఉత్తరం వెళ్లింది, అందులో తిరస్కరించామని ఉంది గానీ ఎందుకో లేదు. కారణాలున్న మినిట్స్ ఉత్తరం వెళ్లిన 26 రోజులకి బయటికొచ్చాయి. కోర్టుకి వెళ్లడానికి కంపెనీకి ఉన్న గడువు 30 రోజులే. 2015లో సుప్రీంకోర్టు చెప్పింది: కారణాలు ఆ ఉత్తరంలోనే ఉండక్కర్లేదు, మినిట్స్‌లో ఉన్నా సరే, కానీ ఉత్తరంతో దాదాపు ఒకేసారి చేతికి రావాలి. సిటీ అలా చేయలేదు. అంతమంది కూర్చుని గెలిచిన హియరింగ్, టపా ఆలస్యం దగ్గర తడబడింది.

కాబట్టి హియరింగ్ ముందే సిటీ అటార్నీకి ఓ మర్యాదైన ఈమెయిల్ పెట్టండి, తిరస్కరిస్తే కారణాలు రాసి, మినిట్స్ సిద్ధం చేసి, రెండూ కలిపి పంపమని. ఓటింగ్‌కి ముందు ప్రతిపాదన పెట్టే సభ్యుడు కారణాలు గట్టిగా చదవాలని కూడా అడగొచ్చు.

అనుమతి ఇస్తే మీ దగ్గర టైమ్ తక్కువ. అప్పీల్ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, న్యూజెర్సీలో సాధారణంగా 45 రోజులు, టెక్సస్‌లో బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ (వేరియెన్స్‌లు తేల్చే బోర్డు) నిర్ణయాలకి 10 రోజులే. లాయర్‌ని వెతకడం హియరింగ్ తర్వాత మొదలుపెడితే టెక్సస్‌లో పని అయిపోయినట్టే.

9. షరతుల్లో ఎత్తు ఒక్కటే రాయించుకుంటే చాలదు

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2012లో వచ్చిన ఇంకో ఫెడరల్ చట్టం ప్రకారం, టవర్ ఒకసారి నిలబడ్డాక దాన్ని పెద్దగా మార్చని దరఖాస్తులను సిటీ కాదనలేదు, ఇచ్చి తీరాలి, హియరింగ్ అక్కర్లేదు. పెద్ద మార్పు అంటే ఏమిటి? వీధి స్థలంలో కాకుండా బయట ఉన్న టవర్ అయితే, ఎత్తు పది శాతం గానీ, ఉన్న యాంటెన్నాకి 20 అడుగుల లోపు ఎడంతో ఇంకో వరుస యాంటెన్నాలు పట్టేంత గానీ, రెండిట్లో ఏది ఎక్కువైతే అంతకు మించి పెరగడం. అంటే మీరు కష్టపడి 120కి దింపించిన టవర్ కొన్నేళ్లకి 140 దాటినా మీకు కార్డు రాకపోవచ్చు.

దీనికి ఉన్న కొద్దిపాటి మందు ఏమిటంటే, టవర్‌ని దాచిపెట్టే అంశాలను దెబ్బతీసే మార్పును కూడా ఆ చట్టం కింద పెద్ద మార్పుగానే చూస్తారు. కాబట్టి మొదటి అనుమతిలోనే పైన్ చెట్టు రూపమో, జెండా కర్రలా యాంటెన్నాలన్నీ గొట్టం లోపల ఉండే రూపమో, అది ఎందుకోసమో, స్పష్టంగా రాయించండి. "చూడ్డానికి బాగుండాలి" అని రాస్తే నిలబడదు. "యాంటెన్నాలు కొమ్మల చివర్లు దాటి బయటికి రాకూడదు, కొమ్మలు ఇంత ఎత్తు నుంచి మొదలవ్వాలి, ఊడిపోతే 60 రోజుల్లో మార్చాలి" అంటే నిలబడుతుంది. మీ గుడి కమిటీకో, తెలిసినవాళ్ల చర్చికో టవర్ అద్దె ఆఫర్ వస్తే కూడా ఇదే గుర్తు చేయండి, సంతకం పెట్టేది ఐదేళ్ల లీజులా కనిపిస్తుంది, లోపల వరసగా రెన్యువల్స్ ఉంటాయి, అవి టవర్ కంపెనీ ఇష్టం మీద నడుస్తాయి.

మా కేసు చివరికి అటూ ఇటూ కాకుండా ముగిసింది. టవర్‌ని స్టోరేజ్ స్థలంలో అవతలి మూలకి జరిపారు, 150 కాస్తా 120 అయింది, పైన్ చెట్టు రూపం, మా వైపు రెండు వరుసల చెట్లు, జనరేటర్ పరీక్ష సోమవారం నుంచి శుక్రవారం దాకా, పగటిపూటే. కట్టి రెండేళ్లయింది. దూరం నుంచి చూస్తే సీసాలు కడిగే బ్రష్‌లా ఉంటుంది, మామగారికి చెట్లతో పాటు అదీ కనబడుతుంది. బేస్‌మెంట్‌లో మాత్రం ఫోన్ పలుకుతోంది.

10. షరతుల కాగితం ఫ్రిజ్ మీద అంటించండి

సిటీ తనంతట తాను వచ్చి చూడదు. కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ కదిలేది ఫిర్యాదు మీదే. మా చెట్లలో తొమ్మిది మొదటి వేసవికే ఎండిపోయాయి, ఫొటో తీసి, అనుమతి పత్రంలోని షరతు నంబరు రాసి పంపితే మూడు వారాల్లో కొత్తవి నాటారు. ఓ ఆదివారం ఉదయం జనరేటర్ మోగితే అదే రోజు టైమ్‌తో సహా వీడియో పంపాను. అప్పటినుంచి బుధవారం మధ్యాహ్నాలే మోగుతోంది.